ఎండలో పెట్టిన నువ్వులు

నా స్నేహితురాలి చీరల మీద గానీ ఇంటి మీద గానీ నాకెప్పుడూ కన్ను లేదు. ఉన్నదల్లా వాళ్లమ్మ నోటు పుస్తకం మీదే.

ఉదయగిరిలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్కటే గోడ. వాళ్లమ్మ వంట ముగించి, చేతులు తుడుచుకుని, ఆ పుస్తకంలో కుడి నుంచి ఎడమకు ఉర్దూలో రాసుకునేది. మలీదా, సేమియా, ఎవరింట్లోనో తిని బాగుందనిపించిన పచ్చడి, ఏదైనా సరే. మా ఇంట్లో వంట గురించి ఒక్క అక్షరం రాసినవాళ్లు లేరు. అవ్వకు రాయడం రాదు, అమ్మకు తీరిక లేదు. నాకు కడుపు మండిపోయేది. అది ఒప్పుకోలేక, “చేతగానోళ్లకే పుస్తకాలు. మా అవ్వకి చెయ్యే కొలత” అని నా స్నేహితురాలిని ఏడిపించేదాన్ని.

అవ్వ చిమ్మిలి చేసేది. నువ్వులు, బెల్లం, రోలు, అంతే. దంచేకొద్దీ నూనె దిగి ముద్ద మెరిసేది. ఆమె ఉండ చుట్టకముందే నేను చెయ్యి చాచేదాన్ని.

అవ్వ పోయాక ఆ చిమ్మిలి నాకు కుదరలేదు. వారపత్రికలో చూస్తే నువ్వులు దోరగా వేయించి తగినంత బెల్లం వేయమన్నారు. తగినంత అంటే ఎంతో ఆ రాసినావిడకే తెలియాలి. ఫోనులో చూస్తే మిక్సీలో తిప్పమన్నారు. ఎట్లా చేసినా పొడిపొడిగా, కాస్త చేదుగా వచ్చేది. మా పిల్లలు మర్యాదకు ఒక ఉండ తిని లేచిపోయేవాళ్లు.

పోయిన వేసవిలో ఒక పెళ్లికి ఆత్మకూరు వెళ్లి, అక్కడే కాపురముంటున్న నా స్నేహితురాలిని చూసి వద్దామని వాళ్లింటికి పోయాను. స్టీలు ప్లేటులో రెండు ఉండలు పెట్టి తెచ్చింది. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. అచ్చం అవ్వ చిమ్మిలి. సంతోషం కలగాల్సింది పోయి, ఒళ్లంతా భగ్గుమంది. నా అవ్వ చేతి రుచి ఈమె ఇంట్లో ఎందుకుండాలి?

“యాడ నేర్చుకున్నావే ఇది?”

“మీ అవ్వదే. మా అమ్మ పుస్తకంలో ఉండాది.”

లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోయింది, కాగితాలకు నూనె మరకలు. ఉర్దూ నాకు రాదు కాబట్టి తనే తెలుగులో చెప్పింది. “నువ్వులు కడిగి మిద్దె మీద ఎండబెట్టాల. పొయ్యి జోలికే పోకూడదు. ఎండలోంచి తెచ్చిన వేడి మీదనే దంచాల. తవ్వ నువ్వులకి ముప్పావు తవ్వ బెల్లం.”

ఇన్నేళ్లూ నేను వేయిస్తూనే ఉన్నాను. ఆమె అక్కడితో ఆపి పుస్తకం మూయబోయింది. కింద ఇంకో రెండు వరుసలు కనబడుతున్నాయి.

“అదేంది?”

“ఏం లేదులే.”

“చదువు.”

తల ఎత్తకుండా చదివింది. “నాలుగుసార్లు అడిగినాను, నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పింది. ‘మా మనవరాలికి కూడా చెప్పు, అది అడిగినప్పుడు’ అనింది.”



“మరి నాకు ఎందుకు చెప్పలేదే?” అన్నాను.

“మా అమ్మ నువ్వు అడుగుతావనే చూసింది. నువ్వేమో పుస్తకం కనబడితే చాలు ఎగతాళి. ఎట్ల చెప్పేది?”

బ్యాగులోంచి పెళ్లి శుభలేఖ తీసి, వెనక ఖాళీ జాగాలో రాసుకోవడానికి పెన్ను అడిగాను. ఆమె మెల్లగా మొదటి నుంచి చదివింది. రాస్తున్నంతసేపూ అసూయ తగ్గలేదు. వాళ్లమ్మ మా అవ్వ పక్కన కూర్చుని నాలుగుసార్లు అడిగింది. నేను అడిగేసరికి అవ్వ లేదు.