బావగారి గోడ మీద కొక్కెం

అమెరికాలో నేను చేసిన ఘనకార్యాలు చాలానే ఉన్నాయి. మిరపకాయలు వేయించి స్మోక్ అలారం మోగించాను. పక్కింటివాళ్ల కారు మాదే అనుకుని ఎక్కి కూర్చుని, సీటు బెల్టు కూడా పెట్టుకున్నాను. అవన్నీ చిల్లర. ఇప్పుడు చెప్పబోయేది టోకు సరుకు. ఒక పెద్దమనిషి సగం జీవితం కాచుకు కూర్చున్న కోరికను నేను ఒక్క పొద్దున, ఎవరి సాయమూ లేకుండా, స్నానం చేసినంత తేలిగ్గా పాడుచేశాను. 'స్నానం' అన్న మాట ఊరికే వాడలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది. అప్పటికి నేను కుర్రవాణ్ని లెండి. అరవై ఎనిమిదే.

ఆ పెద్దమనిషి పేరు డేల్. మా అమ్మాయి శిరీషకు మామగారు, నాకు వియ్యంకుడు. చెక్క మిల్లులో పనిచేసి రిటైరై, వాషింగ్టన్ రాష్ట్రంలో కొండలకు తూర్పున ఒక చిన్న ఊళ్లో ఉంటాడు. వియ్యంకులు ఒకరినొకరు బావగారూ అనుకోవాలని శిరీష నేర్పింది మొదలు, ఆయన నన్ను వేరే పేరుతో పిలిచిన పాపాన పోలేదు. మిగతా మాటలన్నీ ఆయన ఇంగ్లీషులోనే అన్నాడనుకోండి, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

అసలు గొడవ పెళ్లిలోనే మొదలైంది. భోజనాల దగ్గర డేల్ ఫోన్ తీసి, తాను కొట్టిన జింకలనూ ఎల్క్ దుప్పులనూ వరసగా చూపించాడు. మగపెళ్లివారు అన్ని కొమ్ములు చూపిస్తుంటే ఆడపెళ్లివారి తరఫున ఒక్క కొమ్ము కూడా లేకపోవడం నాకు నామోషీగా అనిపించింది. "నల్లమల అడవుల్లో నేనూ ఒక చిరుతపులిని..." అని మొదలుపెట్టాను. స్వీటు వచ్చేసరికి చిరుత పెద్దపులి అయింది, పెరుగన్నం వచ్చేసరికి దానికి జోడు కూడా వచ్చింది. డేల్ తినడం మాని వింటున్నాడు. నా వెనక నిలబడ్డ మా ఆవిడ రాజ్యం తెలుగులో, "ఆ పులి మన పులిహోర తిన్నదని కూడా చెప్పండి" అని గొణిగింది.

రాజ్యానికి నిజం తెలుసు. మార్కాపురం కరెంటాఫీసులో పనిచేసే రోజుల్లో అడవిలో లైను తనిఖీకి వెళ్తే, ఒక కోతి నా టిఫిన్ క్యారేజీ ఎత్తుకుపోయింది. నేను దాని వెంట కొంత దూరం పరిగెత్తాను. అది వెనక్కి తిరిగి పళ్లు చూపించింది. అంతకు రెట్టింపు దూరం నేను వెనక్కి పరిగెత్తాను. నా వేట చరిత్ర మొత్తం అదే.

డేల్ వేట చరిత్రలో మాత్రం ఒకే ఒక్క లోటు ఉంది. బిగ్‌హార్న్ అని అక్కడి కొండల్లో ఉండే అడవి గొర్రె. దాని పొట్టేలు కొమ్ములు, జంతికల గొట్టంలోంచి అప్పుడే దిగినట్టు చెవుల చుట్టూ మెలి తిరిగి ఉంటాయి. వాటిని ఎవరు పడితే వాళ్లు కొట్టడానికి లేదు. ప్రభుత్వం ఏటా లాటరీ తీసి, వేలమందిలో ఏ కొద్దిమందికో పర్మిట్ ఇస్తుంది. కొడుకు ఈథన్ నడక నేర్చిన నాటి నుంచి డేల్ ఏటా అప్లై చేస్తున్నాడు, ఏటా రావడం లేదు. మొదటిసారి అప్లై చేసిన రోజే, వస్తుందన్న నమ్మకంతో, హాల్లో గోడకు పెద్ద ఇనుప కొక్కెం బిగించాడు. దాని చుట్టూ ఇంకేమీ తగిలించనివ్వడు. పోయిన ఆయన భార్య మాత్రం క్రిస్మస్‌కి ఒక ఆకుల దండ దానికి తగిలించి, "పొట్టేలు వచ్చేదాకా ఇదే" అనేదట. ఆవిడ పోయాక దండ కూడా లేదు. ఉత్త కొక్కెం మిగిలింది.

ఆ ఏడు ఫోన్ వచ్చింది. "బావగారూ, పర్మిట్ వచ్చింది" అన్నాడు. ఆ వెంటనే, "మీరు రావాలి. పులిని చూసినవాళ్లు పక్కనుంటే నాకు ధైర్యం" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసి రాజ్యం వైపు చూశాను.

"మోకాళ్ల నొప్పులని చెప్పి మానెయ్యండి" అంది.

"మోకాళ్ల నొప్పులు ఆయనకే ఉన్నాయి. వాటిని వేసుకునే వస్తున్నాడు."

"అయితే వెళ్లండి. అక్కడైనా నోటిని కాస్త అదుపులో పెట్టుకోండి" అంటూ నా సంచిలో స్వెట్టరూ, మంకీ క్యాపూ, ఒక తెల్ల పంచే సర్దింది. ఆవిడ చెప్పినట్టే నోటిని అదుపులో పెట్టుకున్నాను. పంచె సంగతి ఆవిడకు తోచలేదు, నాకూ తోచలేదు.

ఇక్కడ పంచె గురించి కొంచెం చెప్పాలి. రెడ్‌మండ్‌లో శిరీష వాళ్ల కమ్యూనిటీలో బట్టలు బయట ఆరేయకూడదు. ఒకసారి పెరట్లో ఫెన్సు మీద పంచె ఆరేస్తే, అది ఆరేలోపే కమిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. "నాన్నా, ప్లీజ్, డ్రయర్‌లో వెయ్యి. నెక్స్ట్ టైమ్ ఫైన్ వేస్తారు" అని శిరీష బతిమాలింది. డ్రయర్‌లోంచి తీసిన పంచె కట్టుకుంటే, కాల్చిన అప్పడం నడుముకు చుట్టుకున్నట్టుంటుంది. ఎండకూ గాలికీ ఆరిన పంచెకు ఒక వాసన ఉంటుంది. ఆ వాసన తగిలి నాకు రెండేళ్లు దాటింది. జడ్జీగారి ముందు చెప్పుకోవలసి వస్తే నా తరఫున ఇదొక్కటే వాదన.

సరే, వేటకు బయల్దేరాం. డేల్, ఈథన్, శిరీష, నేను. కారు ఆగిన చోటి నుంచి నలభై కిలోల బరువు వీపున వేసుకుని నిట్టనిలువు కొండ ఎక్కాను. అబద్ధమెందుకు, నా వీపున ఉన్నది నీళ్ల సీసా. బరువంతా ఈథన్ మోశాడు. సీసా కూడా సగం దారిలో శిరీష తీసుకుంది. ముందు నడిచే డేల్ మాత్రం పది అడుగులకోసారి ఆగి, మోకాలు పట్టుకుని, కొండను మెచ్చుకుంటున్నట్టు నటించేవాడు. అది మాకు తెలుసని ఆయనకూ తెలుసు.

ఒక పల్లంలో, చిన్న వాగు పక్కన గుడారాలు వేశాం. ఆ సాయంత్రం డేల్ నాకు ఒకటే పాఠం చెప్పాడు. "వాటి ముక్కును మోసం చేయొచ్చు బావగారూ, గాలివాటు చూసుకుంటే చాలు. కళ్లను మోసం చేయలేం. అవి బైనాక్యులర్స్‌తో పుట్టాయి. గట్టు మీద, ఆకాశానికి ఎదురుగా ఏదీ కదలకూడదు. చెయ్యి కూడా."

"పెద్దపులి కూడా అంతే" అన్నాను, ఎంతో అనుభవంతో.

మర్నాడు సాయంత్రం అవి కనిపించాయి. నిజం చెప్పాలంటే వందల్లో... సరే, ఆరు. అందులో ఒకటి మిగతావాటికి తాతలా ఉంది. డేల్ టెలిస్కోపు సరిచేసి నన్ను చూడమన్నాడు. అది రాతి అంచున పడుకుని, ఆ కొమ్ముల బరువుకు మెడ కాస్త వాల్చి, లోయను చూస్తూ నెమరు వేస్తోంది. రిటైరైన హెడ్మాస్టరు అరుగు మీద కూర్చున్నట్టుంది. నేను పక్కకు జరిగి చూస్తే డేల్ కళ్లు తుడుచుకుంటున్నాడు. చలిగాలి అన్నాడు. ఆ సాయంత్రం గాలే లేదు.

ప్లాను తేలిగ్గానే ఉంది. అవి రాత్రికి అక్కడే పడుకుంటాయి. తెల్లవారకముందే డేల్, ఈథన్ చుట్టు తిరిగి వెళ్లి, కింద నుంచి పాకుతూ దగ్గరికి చేరతారు. శిరీషా నేనూ క్యాంపులో ఉండాలి. మేము చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే.

అది నావల్ల కాలేదు.

నిద్రలేచేసరికి వాళ్లు వెళ్లిపోయారు. శిరీష ఇంకా పడుకునే ఉంది. నాకు ఒళ్లంతా చిరాగ్గా ఉంది. జ్వరమొచ్చినా స్నానం మాననివాణ్ని, ఇల్లు వదిలాక ఒంటిమీద నీళ్లు పడలేదు. వాగులో గిన్నె ముంచి నెత్తిన పోసుకున్నాను. మొదటి గిన్నెకు నాకు తెలిసిన దేవుళ్లందరూ గుర్తొచ్చారు, రెండో గిన్నెకు తెలియనివాళ్లు కూడా వచ్చారు. రాత్రి కట్టుకుని పడుకున్న పంచెను ఉతికి పిండాను. ఎక్కడ ఆరేయాలి? పల్లంలో ఎండ లేదు. తలెత్తి చూస్తే పైన గట్టు మీద బంగారంలాంటి ఎండ పడుతోంది.

తువ్వాలు చుట్టుకుని, బూట్లు వేసుకుని గట్టెక్కాను. చుట్టూ ఎన్ని మైళ్లు చూసినా ఒక్క కమిటీ మెంబరు లేడు. గిడసబారిన పైన్ చెట్టు ఒకటి కనిపిస్తే పంచె రెండు కొసలూ దాని కొమ్మలకు ముడివేశాను. అప్పుడే గాలి లేచింది. పంచె తెరచాపలా నిండి, పటపటా కొట్టుకుంటూ ఆకాశంలోకి ఎగిరింది. నేను పక్కన నిలబడి సూర్యుడికి రెండు చేతులెత్తి దండం పెట్టాను. అమెరికా వచ్చాక అంత సుఖంగా ఎప్పుడూ లేను. తర్వాత కిందికి దిగి, వేటగాళ్లు ఆకలితో వస్తారు కదా అని ఉప్మా మొదలుపెట్టాను.

తుపాకీ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. వినిపించలేదు. ఉప్మా గట్టిపడే వేళకు ఈథన్ ఒక్కడే వచ్చి, తుపాకీ పక్కన పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి డేల్, ఎందుకో గట్టు వైపు నుంచి కుంటుకుంటూ దిగాడు. మోకాలి నొప్పికి దారి మార్చుకున్నాడనుకున్నాను.

ఈథనే చెప్పాడు. బండల మీద మోచేతులతో పాకారట. మోకాలు రాతికి తగిలినప్పుడల్లా డేల్ పళ్లు బిగబట్టేవాడట. చివరికి ఆ పెద్ద పొట్టేలు లేచి, పక్కకు తిరిగి నిలబడింది. డేల్ వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. "అప్పుడది తలెత్తింది. మమ్మల్ని కాదు, మా నెత్తి మీదుగా ఇటువైపు ఈ గట్టును చూసింది. అంతే, అన్నీ అవతలి లోయలోకి దూకేశాయి. ఏం చూసి బెదిరాయో తెలియలేదు."

గిన్నెలో గరిటె ఆగిపోయింది. పల్లంలోంచి ఆ పైన్ చెట్టు కనిపించదు గానీ, పటపటమన్న చప్పుడు నా గుండెలో వినిపిస్తోంది.

అదే సమయానికి శిరీష నన్ను ఎగాదిగా చూసి, "నాన్నా, హెడ్‌బాత్ చేశావా? జుట్టు తడిగా ఉంది" అంది.

ఏదో ఒకటి అనాలి. "పులి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"మీ కొండపులి, అదే మౌంటెన్ లయన్ అయ్యుంటుంది. పొద్దున అటువైపు ఏదో కదిలినట్టనిపించింది. నేను గుర్తుపట్టగలను కదా."

డేల్ చాలాసేపు నన్నే చూశాడు. "ఎంత ఉంది బావగారూ?"

చేతులు చాపి చూపించాను. చాలవనిపించి ఇంకొంచెం చాపాను.

"ఏ రంగు?"

"అదే... కాస్త పాలిపోయిన రంగు."

"అలాంటివి అరుదు" అని, ఉప్మా ప్లేటు అందుకున్నాడు.

అదను చూసుకుని గట్టెక్కాను. పంచె లేదు. ముడులు కూడా లేవు. గాలికి పోయి ఉంటుందని, సాక్ష్యం మాయమైందని సంతోషించాను చూడండి, ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత రోజుల్లో కొండలన్నీ గాలించారు. అవి మళ్లీ కనిపించలేదు. మంచు మొదలైంది. డేల్ మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఇక్కడ నేను పెంచి చెప్పడం లేదు. ఆయన బండ మీద కాలు చాపుకుని, గుడ్డలో మంచు మూటగట్టి మోకాలి మీద పెట్టుకుని, ఖాళీ కొండను చూస్తూ కూర్చునేవాడు. నాతో ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. నాకు అన్నం సహించేది కాదు.

గుడారాలు విప్పే రోజు పొద్దున ఆయన పక్కన కూర్చున్నాను. "బావగారూ, పులి లేదు" అన్నాను.

"తెలుసు."

"పంచె ఆరేశాను."

"బైనాక్యులర్స్‌లో చూశాను. మీరు తువ్వాలు కట్టుకుని సూర్యుడికి దండం పెడుతున్నారు."

ఎలాగూ ఉతుకుతున్నాను కదా, మొత్తం ఉతికేద్దామని, "నల్లమల పులి కూడా లేదు. కోతి" అన్నాను.

"అదీ తెలుసు. పెళ్లి రోజే శిరీష చెప్పింది."

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు?"

"వేటలో రోజంతా నోరు మూసుకుని కూర్చోవాలి. సాయంత్రానికి కథలు చెప్పే మనిషి కావాలి" అని, మళ్లీ కొండ వైపు తిరిగి, "కోపం రాలేదనను. రెండు రోజులు మీ ముఖం చూడబుద్ధి కాలేదు" అన్నాడు.

"మళ్లీ అప్లై చేస్తారుగా?"

"పర్మిట్ మళ్లీ రావచ్చు బావగారూ" అంటూ మోకాలి మీది మంచుమూట సర్దుకున్నాడు. "ఇవి రావు."

ఆ ఏడు థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ఆయనింటికి రాజ్యంతో సహా వెళ్లాం. ఆ హాల్లోకి తలెత్తకుండా వెళ్లి కూర్చున్నాను. చుట్టాలంతా నా వెనక గోడను చూసి నవ్వుతున్నారు. తిరిగి చూశాను.

కొక్కెం ఖాళీగా లేదు. నున్నగా పాలిష్ పట్టిన చెక్క పలక, దాని మీద నీటుగా మడతపెట్టి బిగించిన నా పంచె. జరీ అంచు పైకి కనిపించేటట్టు అమర్చాడు. కింద ఇత్తడి రేకు మీద అక్షరాలు చెక్కించాడు: 'నల్లమల తెల్లపులి. వేటగాడు: బావగారు.' ఆ రోజు గట్టు మీదుగా ఎందుకు దిగాడో, ముడులు ఎవరు విప్పారో అప్పటికి గానీ నాకు తెలిసిరాలేదు.

రాజ్యం కళ్లద్దాలు సరిచేసుకుని పైనుంచి కిందిదాకా చూసింది. "పోన్లెండి, మొత్తానికి ఒక పులినైనా కొట్టారు" అంది.

అప్పటి నుంచి ఏటా ఆ గోడ కింద నిలబడి ఈ కథ చెప్పడం నా డ్యూటీ. అందరికంటే గట్టిగా డేల్ నవ్వుతాడు. నవ్వులయ్యాక, ఎవరి ప్లేట్ల మీదికి వాళ్లు వంగాక, ఆయన కళ్లు ఒక్క క్షణం ఆ కొక్కెం మీద ఆగుతాయి. అప్పుడక్కడ ఆయనకు పంచె కనిపించదని నాకు తెలుసు.

కాబట్టి, నన్ను తువ్వాలులో చూసిన ఆ సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ గట్టు మీదా పంచె ఆరేయను. ఏ పెళ్లి భోజనంలోనూ పులి ఊసెత్తను. నా పంచెలన్నీ ఇప్పుడు డ్రయర్‌లోనే ఆరుతున్నాయి. నడుముకు అప్పడం చుట్టుకుని తిరుగుతున్నాను. అది కరకరలాడిన ప్రతిసారీ, ఎక్కడో ఒక ముసలి పొట్టేలు తలెత్తి నా వైపు చూసినట్టే ఉంటుంది.