పిన్నీసు పడిన చోటు

ఆవిడకి అసలు పేరొకటి ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే ఓ పట్టాన పలకదు. వీధి వీధంతా పిన్నీసు పిన్ని అంటుంది. మా ఇంటి కింది దర్జీ దుకాణంలో ముప్ఫై ఆరేళ్లుగా కాజాలు కుడుతోంది. మిషను వాళ్ల బావగారిది, కత్తెర తోడికోడలిది, ఇస్త్రీపెట్టె మొగుడిది. గుండీ, హుక్కు, కాజా, అంటే బట్టని మనిషి ఒంటిమీద నిలబెట్టేవన్నీ పిన్నివి. రెండు పిన్నీసులు పెదాల మధ్య పట్టుకుని, మూడోది చేత్తో గుచ్చుతూ, మాట తడబడకుండా కబుర్లు చెప్పగలదు.

ఆ కబుర్లలో ఒకటి మాత్రం మేమందరం కంఠతా పట్టేశాం. పిన్ని కాపురానికొచ్చిన మొదటి ఏడు, తోడికోడళ్లిద్దరూ ‘గొడుగుల రాణి’ అనే పాటల నాటకానికి మధ్యాహ్నం ఆట చూడ్డానికి వెళ్లారు. ముందు వరుసలో కూర్చున్నారు. రెండో అంకంలో నాయిక నిచ్చెనెక్కి, రెండు చేతులూ చాపి, పైస్థాయి అందుకోవాలి. సరిగ్గా అక్కడ ఆవిడ కుచ్చుల పావడా హుక్కు ఊడింది. ఒక చెయ్యి నడుముకి అంటుకుపోయింది. చాపితే పావడా, చాపకపోతే పాట! పిన్ని తన చేతి గాజుకున్న పిన్నీసు తీసి వేదిక మీదికి విసిరింది. కాసేపటికి నాయిక నడుం దగ్గర ఏదో గుచ్చుకుని, రెండు చేతులూ బార్లా చాపి పాడేసింది. హాలు హోరెత్తిపోయింది.

కొలతలివ్వడానికి చేతులు చాపి నిలబడ్డవాళ్లు పారిపోలేరు కాబట్టి, వచ్చిన ప్రతివాళ్లకీ ఈ కథ పడేది. చివరికొచ్చేసరికి కత్తెర బల్ల దగ్గర్నుంచి తోడికోడలు ఠక్కున అనేది:

“నేను పక్క సీట్లోనే ఉన్నా. అలాంటిదేం జరగలేదు.”

“జరిగిందక్కా!”

“జరిగితే నాకు కనపడదా? నాకేం కళ్లు దొబ్బాయా?”

అంతే, పిన్నికి గాలి తీసేసినట్టయ్యేది. అక్కగారంటే గౌరవం, మాటకి మాట అనలేదు. కానీ ఆ ఒక్క విషయంలో ఓటమి కూడా ఒప్పుకోలేదు.

నిరుడు ఆ నాటకాన్ని మళ్లీ వేశారు. అదే నాటకశాల, అవే పాటలు, కొత్త నటులు. ఆదివారం మధ్యాహ్నం ఆటకి ముందు, పాత నాటకం చూసినవాళ్లెవరైనా వేదికెక్కి తలా రెండు నిమిషాలు తమ జ్ఞాపకాలు చెప్పొచ్చని గోడపత్రిక అంటించారు. అది చదివిన దగ్గర్నుంచి పిన్ని కాలు నేల మీద నిలవలేదు. ఆ ఆదివారం చీర నాలుగుసార్లు మార్చి, చివరికి మొదటిదే కట్టుకుంది. దుకాణం మూసేసి కుటుంబమంతా బయలుదేరారు. నేనూ తోకలా వెంటపడ్డాను.

ముందు ఒక రిటైరైన పంతులమ్మ ఎక్కి, నాటకంలో నిజం వాన కురిసిందనీ, తను తడిసి జలుబు కూడా చేసిందనీ చెప్పింది. ఆ తర్వాత చెప్పుల షాపాయన ఎక్కి, వానా లేదు గీనా లేదు, తెర వెనక రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపారన్నాడు. “మరి నా జలుబు?” అని పంతులమ్మ కింద నుంచి అరిచింది. జనం అప్పటికే పగలబడి నవ్వుతున్నారు.

పిన్ని వంతు వచ్చింది. మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది. మాట లేదు. మళ్లీ తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ మొగుడు ముందుకు వంగి, “పిన్నీసులు పెట్టుకోవే!” అన్నాడు. పిన్ని గబగబా గాజుల నుంచి రెండు పిన్నీసులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఇంక చూడాలి! గట్టు తెగినట్టు వచ్చేసింది కథ.

అయ్యీ అవ్వగానే పై బాల్కనీలోంచి ఒకావిడ లేచింది. “నేనూ చూశాను! కానీ విసిరింది పొడుగాటి మగాయన!”

“కాదండీ, చంటిపిల్లనెత్తుకున్న తల్లి,” అని ఇంకెవరో అన్నారు.

అప్పుడు ఆరో వరుసలో బట్టతల పెద్దాయన చేతికర్ర ఊతంగా లేచి, రెండు చేతులూ పైకెత్తాడు. “ఆగండాగండి. అది అసలు వేదిక మీద పడలేదు. నా నెత్తిన పడింది!”

హాలంతా అటు తిరిగింది.

“వేదిక కింద వేణువు వాయించేవాణ్ణి నేనే. అప్పట్లో ఈ తలకాయ మీద ఇంత జుట్టుండేది. అందులో చిక్కుకుంది. వేణువు పక్కన పెట్టి, వెతికి, పీకి, పైకి అందించాను. పాటలో రెండు వరుసలు నా వేణువు వినపడలేదని మా వాద్యబృందం పెద్దాయన నన్ను వారం రోజులు తిట్టాడు. ఆ పిన్నీసు విసిరిన మహానుభావుడెవరో ఒక్కసారి చూడాలని ముప్ఫై అయిదేళ్లుగా అనుకుంటున్నా!”

“మహానుభావుణ్ణి నేనేనండీ అన్నయ్యగారూ!” అంది పిన్ని. ఆ దెబ్బకి నోట్లో పిన్నీసులు రెండూ మైకు మీద టింగుమని పడ్డాయి.

చప్పట్లు ఇంకా ఆగలేదు, తోడికోడలు లేచి నిలబడింది. ముఖం కందగడ్డలా ఉంది.

“అప్పుడు నేను సీటు కింద చెప్పు వెతుక్కుంటున్నా!” అంది గట్టిగా. “కొత్త చెప్పులు, కరుస్తున్నాయని విప్పాను. ఒకటి ఎటో జారిపోయింది. పాటలో సగం నేలమీదే ఉన్నా. సిగ్గేసి ఇన్నాళ్లూ చెప్పలేదే పిల్లా!”

పిన్ని నోరు వెళ్లబెట్టింది. తర్వాత నవ్వింది. నడుం పట్టుకుని, మైకు కడ్డీ పట్టుకుని, చివరికి పక్కనే నిలబడ్డ నాటకశాల మేనేజరు భుజం పట్టుకుని నవ్వింది. ఆవిణ్ణి చూసి తోడికోడలు, వాళ్లిద్దర్నీ చూసి జనం. నాటకం ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఒక్కరూ గొణగలేదు.

దర్శకుడు ఆ ముచ్చటకి ఎంత మురిసిపోయాడంటే, మర్నాటి ఆటలోనే దాన్ని పెట్టేశాడు. నాయిక హుక్కు ఊడినట్టు నటించాలి, ముందు వరుసలో కూర్చున్న నటి పిన్నీసు విసరాలి. మొదటి రోజు బ్రహ్మాండం. రెండో రోజుకి ఊరంతా పాకింది. మూడో రోజు పాట అక్కడికి రాగానే నలుమూలల నుంచి పిన్నీసులు వడగళ్లలా కురిశాయి. డోలు వాయించేవాడు డోలునే గొడుగులా నెత్తిన పెట్టుకున్నాడు. నాలుగో రోజు గుమ్మంలో బోర్డు వేలాడింది: ‘దయచేసి పిన్నీసులు విసరవద్దు.’ దాని కింద ఎవరో పెన్సిలుతో రాశారు: ‘పిన్నిని కూడా.’

ఆ పడ్డ పిన్నీసులన్నీ ఏరి మేనేజరు పెద్ద డబ్బాలో పోసి దుకాణానికి తెచ్చిచ్చాడు. ఇస్తూ ఇస్తూ, వారానికోసారి వచ్చి నటుల బట్టల హుక్కులు సరిచూసి పెట్టమని అడిగాడు. పిన్ని తోడికోడలి వంక చూసింది.

“నన్నడుగుతావేం? పద, నేనూ వస్తా,” అంది ఆవిడ. “నువ్వొక్కదానివే వెళితే రోడ్డు దాటగలవా?”

ఇప్పుడు ప్రతి శనివారం మధ్యాహ్నం ఇద్దరూ తెర పక్కన రెండు స్టూళ్ల మీద కూర్చుంటారు. అక్కణ్ణుంచి నాటకం సరిగ్గా కనపడదు, జనం కనపడతారు. పిన్నికి ఆ చోటు తెగ నచ్చింది. ఏడుపు పాటకి ముందే జేబురుమాలు మడతపెట్టి సిద్ధంగా ఉంచుకునే గుమాస్తా, నవ్వొస్తే పక్కవాడి తొడ మీద చరిచే లావుపాటావిడ, పాటంతా పెదాలతో పాడేసి చప్పట్లు మాత్రం కొట్టని ముసలాయన. అందర్నీ ఆదివారం దుకాణంలో మాకు ఆడి చూపిస్తుంది.

మొన్న ఆ లావుపాటావిణ్ణి అనుకరించి తోడికోడలి తొడ మీద చరిచేసరికి, ఇస్త్రీ చేస్తున్న మొగుడు కళ్లనీళ్లు తుడుచుకుంటూ పెట్టె సంగతి మరిచిపోయాడు. కాలర్ మీద ఎర్రటి త్రికోణం పడింది. చొక్కా నాదే. కోప్పడదామని నోరు తెరిచాను కానీ, నాకూ నవ్వాగలేదు.