మేడం నంబరు నుంచి వచ్చిన కబురు

మా డిజైన్ మేడం పోయారు. ఈ మాట రాశాక కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. కబురు వర్క్‌షాప్ గ్రూపులోకి ఆవిడ నంబరు నుంచే వచ్చింది మరి. "మీ మేడం ఇక లేరు. పొద్దున గుండె ఆగిపోయింది" అని హిందీలో రెండు ముక్కలు.

రాయ్‌పూర్ కాలేజీల్లో ఆవిడ విద్యార్థులకు వర్క్‌షాపులు నడిపేవారు. ఇంకా పుట్టని వస్తువులను ఊహించి, అట్టతో చేసి, మనుషుల చేత వాడించి చూడటం అక్కడి పని. నేను మొదట ఆవిడ విద్యార్థిని, తర్వాత సహాయకురాలిని. రోజూ ఉదయం ఆవిడ రాబోయే కాలపు వార్త ఒకటి నిజంలాగే గ్రూపులో పెట్టేవారు. ఒకసారి ఖారున్ నది నీళ్లకు టోకెన్లు తీసుకోమన్నారు. పిల్లలు చప్పట్ల బొమ్మలు పెట్టి, ఆ వార్తకు తగ్గ వస్తువు ఏదో ఒకటి తయారుచేసేవాళ్లు. ఈ వారం ఇచ్చిన పని ఏమిటంటే, యాభై ఏళ్ల తర్వాత చావు కబురు మనిషికి ఎలా చేరాలి?

ఇంకేముంది, ఆ కబురు కింద చప్పట్లు మొదలయ్యాయి. "సూపర్ మేడం, ఒక్క క్షణం నిజమే అనుకున్నాం" అని ధర్సీవా నుంచి వచ్చే అమ్మాయి రాసింది. ఈసారి మరీ శ్రుతి మించిందని నాలుగు దులుపుదామనే ఫోన్ చేశాను. ఎత్తింది మేడం భర్త. "సప్పట్లెందుకు కొడతన్నారమ్మా వీళ్లు?" అని అడిగారు.

మేడం వాళ్లదీ మాదీ రెండు కుటుంబాలూ రైల్వే ఉద్యోగాలకని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. క్లాసులో హిందీ మాట్లాడినా ఆవిడ నాతో మాత్రం ఇంటి తెలుగే. వేళ్లకు ఎండిన జిగురు ఒలుచుకుంటూ వినేవారు. వింటున్నారో లేదో తెలిసేది కాదు గానీ, ఒక్క ముక్క పొల్లుపోయేది కాదు.

తిల్దా నుంచి వచ్చే విద్యార్థి ఒకడు ఆసుపత్రిలో జబ్బు వివరాలు అడిగే యంత్రం చేశాడు. యంత్రమంటే అట్టపెట్టె, లోపల గొంతు మార్చి మాట్లాడే స్నేహితుడు, ముందు ఒక స్టూలు. దాన్ని వాడి చూడటానికి మేడం తన పక్కింటి పెద్దావిడను పిలిస్తే ఆమె తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ ఆ స్టూలు మీదే చెరో సగం సర్దుకున్నారు. ఒకరి నొప్పి గురించి ఇంకొకరు చెబుతుంటే పెట్టెలోని స్నేహితుడు తికమకపడి నోరు మూసుకున్నాడు. కుర్రాడు వివరించబోతే మేడం ఆపేశారు.

"వస్తువు సెప్పలేనిది మనం సెప్తే ఏటి లాభం?" అన్నారు నాతో. "మనోల్లు ఆస్పత్రికి ఒక్కరే ఎప్పుడెల్లారే పిల్లా?"

మర్నాడు స్టూలు పోయి ఇద్దరు కూర్చునే బల్ల వచ్చింది.

మేడం పోయింది నిజమేనని క్లాసులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ధర్సీవా అమ్మాయి మెసేజ్ తీసేయాలని తడబడుతూ ఫోన్ తెరిచింది గానీ అప్పటికే మేడం భర్త చదివేశారు. నాకు మేడం మీద కోపం వచ్చింది. ఇంత బాగా నమ్మించడం నేర్పి, ఇలా వెళ్లిపోతారా?

అందరం దేవేంద్ర నగర్‌లోని మేడం ఇంటికి వెళ్లాం. ఆ అమ్మాయి ఆయన ముందు చేతులు జోడించింది. సంగతంతా నేనే చెప్పాను. ఆయన మేడం ఫోన్ తెరిచి ఆ అమ్మాయి మెసేజ్ మళ్లీ చదివారు.

"మీ మేడం క్లాసు నానెప్పుడూ సూళ్లేదమ్మా. ఇలాగుంటాదన్నమాట. ఉండనీ, తియ్యకు."

తర్వాత ఆవిడ పాత బ్యాచ్‌ల గ్రూపులన్నిటికీ ఆయన ఆ ఫోన్ నుంచే అదే కబురు పంపారు. ఫోన్ మోగుతూనే ఉంది. సౌండు తగ్గిస్తానని చేయి చాపితే ఇవ్వలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నారు. పాడె లేచింది. ఆయన ముందు నడుస్తుంటే, అది నిజమని తెలియని పిల్లల చప్పట్లు ఒకటొకటిగా ఆ జేబులోకి వచ్చి పడుతూనే ఉన్నాయి.