అవ్వ వదిలేసిన గంప

మా నస్పూర్ పశువుల డాక్టరుగారు పోయారు. పాలాయన గిన్నెలో పాలు పోస్తూ ఆ సంగతి చెప్పాడు. మా అవ్వ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఎప్పుడూ బర్రెలనూ ఎడ్లనూ చూసే మనిషి ఆయన. మా ముసలి పిల్లి కడుపు ఉబ్బి, తిండి మానేసి, నీళ్లు మాత్రం తెగ తాగుతుంటే అవ్వ దాన్ని దవాఖానకు ఎత్తుకుపోయింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే చూశారు.

"ముసల్దానికి గూడ కడుపైంది. గంపల పాత చీర పరిచి పండవెట్టక్కా," అని నవ్వారు.

ఇంట్లో పిల్లి ఈనితే మంచిదని మా వాడలో అంటారు. అవ్వ మురిసిపోయి తన పెండ్లినాటి చీరే పరిచింది.

పిల్లలు పుట్టలేదు. తోక కింద చీము కనబడ్డాక గంపతో సహా మళ్లీ తీసుకుపోయాం. ఈసారి లేచి కడుపు పట్టి చూశారు. గర్భసంచి నిండా చీము పట్టిందట. పెన్సిలిన్ సూది వేసి, సెలైన్ ఎక్కించి, కోసి సంచి తీసేద్దామని సిద్ధమయ్యారు. అంతలోనే బల్ల మీద దాని ప్రాణం పోయింది.

"తప్పు నాదే అక్కా. కుర్చీల కూసోని చూసిన," అన్నారు.

"గంప నువ్వే పెట్టమంటివి. నువ్వే ఉంచుకో," అని అవ్వ దాన్ని ఆయన ముందు పడేసి వచ్చేసింది.

ఆ తర్వాత ఆయన ఏ పిల్లినీ కుర్చీలోంచి చూడలేదు. నేల మీద చతికిలబడి, అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకుని, కడుపు మెల్లగా ఒత్తి చూసేవారు. "నీళ్లెక్కువ తాగుతుందా?" అన్నదే మొదటి ప్రశ్న. పక్కింట్లో మేం ఖాలా అని పిలిచే పిన్నిగారి ముసలి పిల్లికీ అదే జబ్బు వస్తే, ముందే కనిపెట్టి, కోసి బతికించారు. ఆమె మిఠాయి తీసుకుపోతే ముట్టలేదట.

"ఒకదాన్ని చంపుకొని నేర్చుకున్న పనికి మిఠాయేంది, ఖాలా?"

ఖాలా వచ్చి ఈ మాట చెప్పినా అవ్వ మెత్తబడలేదు. డాక్టరుగారు ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. నేనూ తన వెనకే తిరిగేదాన్ని. ఒక పెద్దమనిషిని అన్నేళ్లు అలా తల దించుకునేలా చేశాం.

దినాలకు వాళ్లింటికి పోయాం. వసారాలో ఆయన కుర్చీ పక్కనే మా గంప ఉంది. ఊడిన అంచును కొత్త తాడుతో అల్లారు. లోపల అవ్వ చీర, దాని మీద ఆయన చివరగా కోసి బతికించిన ముసలి పిల్లి.

"చీర ఆయనే ఉతుకుతుండె. అక్క ఎప్పుడన్న అడుగుతదేమో అంటుండె," అంది ఆయన భార్య.



"పోనీ తియ్యి అని ఒక్క మాట అంటె అయిపోవు గద బిడ్డా. నాకు నోరెందుకు రాలే," అంది అవ్వ నాతో.

తర్వాత నేల మీద కూర్చుంది. అరచేతులు రెండూ రుద్దుకుని, వెచ్చబడ్డాక, ఆ పిల్లి కడుపు మీద చెయ్యి పెట్టింది.