హారతి పట్టిన గేర్ ఆయిల్

మా పెద్దమ్మ పోయిందని బుధవారం పొద్దున్నే ఫోను వచ్చింది. ఈ పరాయి దేశంలో, సుంగై సుమున్ ఊళ్లో మన తెలుగువాళ్ల రామమందిరం వ్యాను ఏళ్ల తరబడి నడిపిన పెద్దమ్మ. సాయంత్రానికల్లా కమిటీ వారు మనిషెత్తు పూలదండ తెచ్చి "సేవామూర్తి" అన్నారు. బతికుండగా ఆమె అడిగింది దండ కాదు, ఒక డబ్బా సరైన గేర్ ఆయిల్.

భక్తులారా, శనివారాలు మందిరంలో పురాణం చెప్పేది నేనే. ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. పుస్తకం నేనే కొనుక్కున్నాను, గొంతు దేవుడిచ్చాడు. పక్క ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో కథ ఉంటే నన్నూ, తాళాలు వాయించే ముసలమ్మలనూ పెద్దమ్మే తీసుకెళ్లేది. ఎస్టేటు లారీ నడిపిన పెదనాన్న దగ్గర నేర్చిన చెయ్యి. ఆమె గేరు మారిస్తే ఒళ్లో పసిబిడ్డకు నిద్ర చెదిరేది కాదు. చెమటకు చెయ్యి జారకుండా గేరు కర్రకు ఒక పసుపు గుడ్డ కట్టుకునేది. తిరుగుదారిలో నా కథకు తీర్పు చెప్పేది: "అరిసినావురా నాయినా, సెప్పలేదు." ఆ ఒక్క మాట నాకు నేర్పినంత ఏ వ్యాఖ్యానమూ నేర్పలేదు.

ఒకసారి బంటింగ్ నుంచి ఒక దాత పెద్ద డబ్బా గేర్ ఆయిల్ తెచ్చి రాములవారి ముందు పెట్టాడు. మా కమిటీ అధ్యక్షుడు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇప్పించాడు. పెద్దమ్మ డబ్బా తిప్పి చూసింది.

"తంబీ, ఇది జీఎల్ ఫైవ్. లారీల ఎనక ఇరుసుకి పోసీది. మన గేర్‌బాక్సులో ఇత్తడి రింగులున్నాయి, ఇది వాటిని తినేస్తాది. మనకి జీఎల్ ఫోర్ కావాల."

"సిక్కగా ఉంది, మంచి సరుకక్కా. హారతిచ్చినాక వద్దంటే దాత ఏటనుకుంటాడు లా?" అన్నాడు అధ్యక్షుడు, మాట చివర ఇక్కడి వాళ్ల "లా" తగిలించి.

"పాయసంలో ఉప్పేసి హారతిచ్చీసినాం, తాగీ అంటే నువ్వు తాగుతావేటి?"

అందరూ నవ్వారు. నవ్వి, ఆ నూనే పోయించారు.

కొన్నాళ్లకు రెండో గేరు కరకరమనడం మొదలైంది. "అక్కా, ముసలి సెయ్యి అయిపోనాది. బండిని పాడుసేస్తన్నావు" అన్నాడు అధ్యక్షుడు. వ్యాను తాళం తీసుకుని తన అల్లుడి చేతిలో పెట్టాడు.

ఆ శనివారం నేను కథ ఆపి అడిగాను. నిండు సభలోకి ఒక ఇల్లాలిని ఈడ్చుకొస్తే పెద్దలంతా నేలచూపులు చూశారే, వాళ్లు శాస్త్రం తెలియనివాళ్లా? మీరు భయపడింది దేవుడికా, దాతకా?

"సామీ, కథ సెప్పండి. కమిటీ జోలికి రాకండి లా" అన్నాడు అధ్యక్షుడు.

మన సభ కూడా నేల చూసింది.

తర్వాత పెద్దమ్మ అదే వ్యానులో వెనక సీట్లో కూర్చునేది. గేరు అరిచినప్పుడల్లా తన పన్ను పీకుతున్నట్టు కళ్లు మూసుకునేది. "నా సెయ్యి కాదురా. నువ్వైనా నమ్ముతావా?" అనేది. నమ్మాను. నా నమ్మకం ఆమెకు తాళం తెచ్చిపెట్టలేదు. తప్పు చేతిదన్న మాట మొయ్యలేక మొయ్యలేక మోస్తూనే పోయింది.

ఆమెను సాగనంపిన రోజు అల్లుడు నడుపుతున్న వ్యాను శ్మశానం దారిలో ఆగిపోయింది. రెండో గేరు పడనే లేదు. అప్పుడు ఆ కర్ర మీద ముసలి చెయ్యి లేదు.

మర్నాడు చీనా మెకానిక్ గేర్‌బాక్సు అడుగు బోల్టు విప్పాడు. పాత బేసినులోకి దిగిన నల్లటి నూనెలో ఇత్తడి పొడి తళతళలాడింది. "మిన్యాక్ సాలా, బోస్" అన్నాడతను. ఇక్కడి భాషలో, నూనె తప్పు అని.

అధ్యక్షుడు నమ్మలేక వేలు ముంచాడు. వేలి కొసకు బంగారు రంగు అంటుకుంది. తుడుచుకోవడానికి గుడ్డ కోసం చుట్టూ చూశాడు. తెరిచిన వ్యాను తలుపులోంచి గేరు కర్రకు పెద్దమ్మ కట్టిన పసుపు గుడ్డ ఒక్కటే కనిపించింది.

ఆ వేలు అలాగే గాలిలో పట్టుకుని నిలబడిపోయాడు.