టోక్యోకి వెళ్ళే ముందు వరాలు ఆంటీ చెప్పినవి

మధ్యాహ్నం, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్‌లో బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఖాళీ బల్ల మీద పెట్టాను. ఈ ఊళ్ళో అదే రిజర్వేషన్. ప్యాకెట్ ఉన్న బల్లని ఎవరూ ముట్టుకోరు, దీన్నే చోప్ చేయడం అంటారు. కొత్తగా కొన్న ప్యాకెట్‌కి ఏదో మల్లెపూల సెంటు పూసినట్టున్నారు. ఆ వాసన తగలగానే వరాలు ఆంటీ గుర్తొచ్చారు. భోజనం వరసలో నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆంటీ నా మొదటి బాస్. నల్ల కోటు తొడుక్కుని, జడలో మూరెడు మల్లెపూలు తురుముకుని ఆఫీసుకి వచ్చేవారు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి సెంబవాంగ్ నౌకాస్థావరంలో పనికి కుదిరారట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి ఆ తెలుగులో తమిళమూ మలయ్ భాషా ధారాళంగా కలిసిపోయేవి; తిండిని మకాన్ అనేవారు, మాట చివర ఊరికే లా తగిలించేవారు. నేను రాజమండ్రి నుంచి దిగిన కొత్తలో సగం అర్థమయ్యేది కాదు. తిట్లు మాత్రం మొదటి రోజే అర్థమయ్యాయి.

అవి ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. టోక్యోలోని ఒక కంపెనీకి గోదాముల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ రాశాం. వాళ్ళు చూసి సరేనంటేనే తర్వాతి పని మాకు. కాదంటే మా టీమే ఉండదు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే వీలూ పోతుంది, పెట్టె సర్దుకుని నేను ఇంటిదారి పట్టాలి. ప్రతిసారీ ఆంటీయే వెళ్ళేవారు. ఆసారి మోకాలికి ఆపరేషన్ పడింది. పైవాళ్ళు సేల్స్ మేనేజర్‌ని పంపుదామంటే, ప్రోగ్రాం రాసిన పిల్లే వెళ్తుందని ఆవిడ పట్టుబట్టి నా పేరు ఖాయం చేశారు. సంతోషించాల్సింది పోయి, భయపడుతూ ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

బెడోక్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్తే, కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని కూర్చున్నారు.

"ఏటే పిల్లా, మొహం అలా పెట్టేవు? టోక్యో పులేటి, మింగీడానికి?"

"నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు ఆంటీ."

"నాకు మాత్రం వచ్చేటి? స్టేషన్ పేరు కాదు, ఏ గేటులోంచి బయటికి రావాలో అది గుర్తెట్టుకో. అక్కడ స్టేషన్ అంటే ఊరంత ఉంటాది, తప్పు గేటులో తేలేవంటే అంతే లా. మీటింగుకి ముందురోజే ఆ దారి ఓసారి నడిచి చూసుకో. ట్రైన్‌లో ఫోన్ మాటాడకు. చిరుగుల్లేని సాక్సులెయ్, ఎక్కడ చెప్పులిప్పమంటారో తెలీదు. చెత్తకుండీలు కనపడవు, చెత్త నీ బ్యాగులోనే."

"మరి తిండి?"

"నాచు చుట్టిన అన్నం ముద్దలుంటాయి. లోపల పుల్లటి పండు పెట్టింది అడుగు. మన చింతకాయ పచ్చడనుకుని తినీ. మకాన్ మానేసి మీటింగుకి పోకు."

గుమ్మం దాకా వచ్చాక మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"అసలైంది విను. నువ్వు చెప్పడం అయ్యాక వాళ్ళు మాటాడరు. కళ్ళు కూడా మూసుకుంటారు. అది నిద్ర కాదు, ఆలోచన. అప్పుడు నువ్వు నోరు తెరవకు. మనవాళ్ళు ఆ ఖాళీ చూసి భయపడి, లేనిపోనివన్నీ ఒప్పేసుకుని వస్తారు."

టోక్యోలో అన్నీ ఆవిడ చెప్పినట్టే చేశాను. ముందురోజే వెళ్ళి దారి చూసుకున్నాను. గేటు తప్పలేదు, సాక్సులు కొత్తవి. ఆవిడ చెప్పని చోటే బోల్తా కొట్టాను. ఒక ఫుడ్ కోర్టులో అలవాటుగా టిష్యూ ప్యాకెట్ బల్ల మీద పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ బల్ల దగ్గర ఎవరో పెద్దమనిషి హాయిగా తింటున్నాడు. ఇంతలో అక్కడ పనిచేసే అమ్మాయి పరుగున వచ్చి, నేను పోగొట్టుకున్న నిధి ఏదో దొరికినట్టు, ఆ ప్యాకెట్‌ని రెండు చేతులా నాకు అందించి నడుం వంచి నమస్కరించింది. వీధిలో ప్రకటనల కోసం ఊరికే పంచిపెట్టే వస్తువది అక్కడ. సిగ్గుతో చచ్చిపోయి, నేనూ రెండు చేతులా పుచ్చుకుని అంతకంటే కిందికి వంగాను.

మర్నాడు మీటింగులో ఇంగ్లీషులో నేను చెప్పాల్సింది చెప్పడం ముగిసింది. గది నిశ్శబ్దమైపోయింది. ఆ కంపెనీ పెద్దాయన నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. నచ్చలేదు, అయిపోయింది అనుకున్నాను. ఏ మార్పు కావాలన్నా వారంలో చేసేస్తామండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. చేతిలో అదే టిష్యూ ప్యాకెట్ ఉంది. దాన్ని నలుపుతూ పళ్ళు బిగించి కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. చివరికి ఆయన కళ్ళు తెరిచి, ఇంగ్లీషులోనే, సరుకు లెక్క తేడా వస్తే ఏం జరుగుతుందని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. తెలిసిన జవాబు చెప్పాను. తలాడించి, ముందు ఒక గోదాములో మొదలుపెడదాం అన్నాడు.

తిరిగొచ్చి ఆంటీకి మొదట చెప్పింది ఆ శుభవార్త కాదు, టిష్యూ ప్యాకెట్ కథ. కుట్లు పడిన మోకాలు పట్టుకుని ఒకటే నవ్వు. "టోక్యోని చోప్ చేద్దామనుకున్నావేటే!" అని ఆఫీసంతా చాటారు.

కిందటేడాది ఆవిడ బాగా నీరసించారని తెలిసి బెడోక్ వెళ్ళాను. మాట దాదాపు లేదు. ఇంటినిండా చుట్టాలు. ఆవిడ మౌనం భరించలేక అందరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. నేను పక్క కుర్చీలో కాసేపు కూర్చుని, ఆవిడకి మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి ఇంకో కుటుంబం దిగింది, కుర్చీలన్నీ నిండిపోయాయి. నాది మాత్రం ఖాళీగానే ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. ఆంటీ నన్ను చూడనట్టే కిటికీ వైపు చూస్తున్నారు గానీ, పెదవి చివర ఆ పాత నవ్వు దాగలేదు.

రెండు చేతులా ఆ ప్యాకెట్ తీసుకుని, నడుం వంచి నమస్కరించి కూర్చున్నాను. కళ్ళు నిండిపోయాయి. సాయంత్రం దాకా ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాను, ఒక్క మాటా మాట్లాడలేదు.