ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్

నిర్మల్ నుంచి మా ఊరికి రావాలంటే ఘాట్ ఎక్కాలి. మా ఆయనకు చూపు తగ్గి స్టీరింగ్ నా చేతికి వచ్చాక, ఏ మలుపులో లారీవాడు ఎంత వంకరగా దిగుతాడో కూడా నాకు తెలిసిపోయింది. అలాంటి ఘాట్ మీద, ఇంజన్ మొత్తం విప్పించి కొత్త రింగులు వేయించి తెచ్చుకుంటున్న కారు, మొదటి ఎత్తులోనే ఎవరో వెనక్కి పట్టి గుంజినట్టు కుదిపింది. ఎక్కినంతసేపూ అదే పని. ఒక కాలు నేల మోపలేని ఎద్దు నడిచినట్టు నడిచింది.

"గట్ల తొక్కుతవేందే, గేరు తగ్గియ్యి" అన్నాడు మా ఆయన.

"తగ్గించిన. ఇంకా తగ్గిస్తే ఎనకకే పోవాలె."

వెనక సీట్లో అత్తమ్మ ఒళ్లో కొబ్బరిచిప్పలు పెట్టుకుని కళ్లు మూసుకుంది. ముగ్గురి మనసులోనూ ఉన్నది ఒక్కటే. ఇంట్లో మా బిడ్డకు నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువ. మొదటి కాన్పప్పుడు ఇలాగే బీపీ ఎక్కి తలనొప్పి అంటే దగ్గరి దవాఖానకు తీసుకుపోయాం. వాళ్లు ఇంకోచోటికి పొమ్మన్నారు. పోతుంటే దారిలోనే కడుపులో పిల్ల కదలడం మానేసింది. ఈసారి చూస్తున్న డాక్టరమ్మ ఉండేది కరీంనగర్‌లో. తలనొప్పి వచ్చినా ముఖం ఉబ్బినా ఒక్క క్షణం ఆలోచించకుండా బయల్దేరమని చెప్పింది. ఆ ఒక్క ప్రయాణం కోసమే, పొగ కక్కుతున్న ఇంజన్‌ను ముందుజాగ్రత్తగా విప్పించాం. చివరికి ఈ కుంటిదాన్ని ఇంటికి తెచ్చుకున్నాం.

"అమ్మా, బండి మంచిగైందా?" అంది బిడ్డ, గుమ్మంలోనే.

"మంచిగైంది" అన్నాను. అత్తమ్మ నా ముఖం చూడలేదు.

ఇంజన్ విప్పిన మిస్త్రీకి ఫోన్ చేసి కుదుపు సంగతి చెప్పాను. ఇంజన్ పనికి నిర్మల్‌లో పేరున్న సాయిబు, వయసులో నాకంటే పెద్దవాడు.

"కొత్త ఇంజన్ గద మేడం. రింగులు జర కూసోవాలె. కొత్తకోడలి లెక్క, నాలుగొద్దులు అలుగుతది. ఫికర్ చెయ్యకుండ్రి."

"కోడలు అలిగితే తల్లిగారింటికి పోతది భాయ్. ఇది అలిగితే అడివిల నిలవడతది."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఆయన అంబులెన్స్ ఉంది కదా అన్నాడు. అది దగ్గరి దవాఖానకు తీసుకుపోతుంది గాని ఘాట్ దిగి, నిర్మల్ దాటి, కరీంనగర్ దాకా వస్తుందా అన్నాను. కిరాయి బండి మాట్లాడదామన్నాడు. పెళ్లిళ్ల రోజులు, ఊళ్లో ఉన్న కిరాయి బండ్లన్నీ ఎవరో ఒకరి బారాత్‌లో ఉన్నాయి. అతను చెప్పిన ప్రతి దారినీ నేనే మూసేశాను.

ఇక ఫోన్లో వాదించి లాభం లేదని, బిడ్డ దగ్గర అత్తమ్మను ఉంచి, పొద్దున్నే కారు నిర్మల్‌కు దింపాం. దిగేటప్పుడు వెన్నలా దిగింది. మిస్త్రీ బజారంతా తిప్పి తెచ్చి, "ఏం లేదు మేడం, గడియారం లెక్క ఉన్నది" అన్నాడు.

"మా ఇల్లు నీ బజార్ల లేదు. ఘాట్ మీదికి రా, అక్కడ జెప్పు ఏం లేదని."

వచ్చాడు. పక్క సీట్లో కూర్చుని మొదటి మలుపు దాకా కొడుకు పెళ్లి సంబంధాల గురించి చెప్పాడు. రెండో మలుపులో కారు కుదిపింది. అతని మాట ఆగిపోయింది. అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి, తల వంచి విన్నాడు. ఫోన్లో నవ్విన మనిషి అలా వింటాడని నేను అనుకోలేదు.

గ్యారేజీకి తిరిగొచ్చి స్కానర్ తగిలించాడు. మూడో సిలిండర్ కాలడం లేదని, మిస్సింగ్ కొడుతున్నది అదేనని చూపించింది.

"అంటే?"

"ప్లగ్గన్న గావాలె, కాయిలన్న గావాలె. గవి గాకుంటె..." ఆగాడు. "వాల్వు మంచిగ కూసోలేదనుకోండ్రి, హెడ్డు మళ్ల ఇప్పాలె."

"ఇప్పితే ఎన్నొద్దులు?"

"వారం పడుతది."

వారం. నేను అతన్ని అనరాని మాటలు అనేదాన్నే. అప్పుడే ఫోన్ మోగింది. అత్తమ్మ.

"పిల్ల నెత్తి నొస్తున్నదంటున్నదే. పండుకోవెట్టిన. మీరెక్కడున్నరు?"

మా ఆయన వినకుండా బయటికి వచ్చాను. వస్తున్నామన్నాను. దేంట్లో వస్తున్నామో చెప్పలేదు. లోపలికి వచ్చేసరికి మిస్త్రీ కంప్రెషన్ చూసే మీటర్ పట్టుకుని ఉన్నాడు. దాని ముల్లు లేస్తే వాల్వులు మంచివే. లేవకపోతే వారం. ముందు ప్లగ్గు తీయాలి, ప్లగ్గు తీయాలంటే దానిమీద కూర్చుని దానికి కరెంటు పంపే కాయిల్ తీయాలి. అతను మూడోదాని కాయిల్ పట్టుకుని పైకి గుంజాడు.

గుప్పున వాసన. పులిసిన వాసన. ఈ వాసన ఇంజన్‌లో ఉండాల్సింది కాదు, మా వంటింట్లో మరిచిపోయిన గ్లాసులో ఉండాల్సింది.

కాయిల్ రబ్బరు నుంచి జిగట చుక్క జారింది. టార్చి వేస్తే, ప్లగ్గు కూర్చునే గుంటలో తెల్లగా, మడ్డిగా నీళ్లు.

"కూలెంట్ గాదు గిది" అన్నాడు మిస్త్రీ, చుక్కను వేళ్ల మధ్య రాస్తూ. "పానీ గాదు."

"కొబ్బరినీళ్లు" అన్నాను.

ఆనాడు బండి ఇంటికి తెచ్చుకునే ముందు, ఈ గ్యారేజీలోనే, బానెట్ తెరిచి ఉండగానే, అత్తమ్మ పూజ చేసింది. బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కింద బండమీదే కొట్టింది. కానీ ఇంజన్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది గనుక దాని కడుపు చల్లగుండాలని, చిప్పలోని నీళ్లు ఇంజన్ నెత్తినే పోసింది. పైన ప్లాస్టిక్ మూత అప్పటికింకా పెట్టలేదు.

"నువ్వు జూడలేదా భాయ్?" అన్నాను.

"చూసిన" అన్నాడు. "మీ దేవుని పని. పెద్దమ్మ దండం పెడుతుంటె నేను నడుమ మాట్లాడొద్దని అటు మల్లిన. నాలుగు చుక్కలనుకున్న. బానే తాపింది." ముక్కు తుడుచుకుని, "ఎత్తు ఎక్కేటప్పుడు బరువు పడి నిప్పు పక్కకు పారుతది గీ తడిల. సాపు రోడ్డుకు తెల్వది" అన్నాడు.

గాలి పైపుతో ముందు గుంట ఆరబెట్టాడు, ప్లగ్గు ఊడగానే నీళ్లు సిలిండర్లో పడకుండా. తర్వాత మీటర్ పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. తాళం తిప్పాను గాని అటు చూడలేదు. మా ఆయన భుజం తట్టాక చూశాను. ముల్లు లేచి నిలబడింది.

కొత్త ప్లగ్గు, కొత్త కాయిల్. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ కారు కుదపలేదు. ఇంకో మలుపులో కుదుపుతుందనే అనుకున్నాను.

ఇంటి ముందు ఆపేసరికి బిడ్డ ముఖం ఉబ్బి ఉంది. అత్తమ్మ నిమ్మకాయలు పట్టుకుని నిలబడింది, ఇంకో చేతిలో కొబ్బరికాయ.

"ఆ కొబ్బరికాయ లోపల పెట్టు అత్తమ్మా."

"ఎందుకే, మంచికే గద."

"మంచి ఎక్కువైంది. వచ్చినంక చెప్త."

బిడ్డను వెనక ఎక్కించుకుని, అత్తమ్మ చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల మీదుగా బండి కదిలించాను. మళ్లీ ఘాట్ దిగి, నిర్మల్ దాటి, కరీంనగర్ దాకా నేను విన్నది రెండే, ఇంజన్ చప్పుడు, వెనక బిడ్డ ఊపిరి. ఒకటి సరిగా ఉంటే రెండోదాని కోసం చెవి పెట్టాను. "కదులుతుందా బిడ్డా" అని అడగాలని ప్రతి ఊరి దగ్గరా నోరు తెరిచి మూశాను.

దవాఖాన మెట్ల దగ్గర చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయారు. మా ఆయన వెంట పోయాడు. నేను సీట్లోనే ఉన్నాను, ఇంజన్ నడుస్తూనే ఉంది. ఇక్కడి నుంచి కూడా ఎక్కడికైనా పొమ్మంటే?

"అమ్మా, బండి బంద్ చెయ్యుండ్రి. పొగ లోపలికొస్తుంది" అన్నాడు వాచ్‌మన్.

"చేస్త."

"ఎప్పుడు చేస్తరు, డీజిల్ అయిపోయినంకనా?"

"పెట్రోల్ బండి. నీ పని నువ్వు జూస్కో."

అతను గొణుక్కుంటూ నిలబడ్డాడు. కాసేపటికి నర్సమ్మ మెట్ల మీదికి వచ్చి, పేషెంట్ తల్లి ఎవరని అడిగింది. చెయ్యెత్తాను.

"డాక్టరమ్మ ఆపరేషన్‌కు తీసుకుంటున్నది. కడుపుల పిల్ల గుండె మంచిగనే కొట్టుకుంటున్నది. రాండ్రి, సంతకం పెట్టాలె."

తాళం తిప్పి ఇంజన్ ఆపాను.